ఓడదొంగల ఆట మన పిల్లలకు తగునా?

(సంఘము వారి ఆదివారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గత మాసమున మన సభ్యురాలైన ఒక తల్లి మమ్ము కలిసికొని, తన ఎనిమిదేండ్ల కుమారుడు ఓడదొంగల వీడియో ఆట కావలెనని మారాము చేయుచున్నాడనియు, అది ఇవ్వదగినదో కాదో తేల్చి చెప్పుడనియు అడిగిరి. పేరు విన్నంతనే "వలదు" అనుట మాకు సులభమే. దొంగ యను మాట పేరులోనే యున్నది కదా! కాని చూడకుండ తీర్పు చెప్పుట పెద్దరికము కాదని తోచి, హోసూరు చెంతనున్న వారి యింటికి పోయి, నాలుగు సాయంకాలములు పిల్లల ప్రక్కన కూర్చుంటిమి. మేము వైద్యులము కాము, విద్యావేత్తలమును కాము. మనుమలు గల వారము మాత్రమే.

మొదట ఒక చిక్కు విప్పవలసి యున్నది. 'పైరేట్స్ ఆఫ్ ది కరేబియన్' అను చలనచిత్రముల వరుస 2003లో మొదలైనది. వానిని బట్టి అల్లిన ఆటలు ఒకటి కాదు. 2007లో వచ్చిన మూడవ చిత్రముతో పాటు వెలువడిన ఆటలో మనుష్యాకృతులే కత్తులు దూయుదురు. అమెరికాలోని ఆటల పరిశీలక సంస్థ దానిని పదుమూడేండ్లు దాటిన వారికని గుర్తించినది. 2011లో వచ్చినది లెగో ఆట. ఇందు జాక్ స్పారో మొదలు అందరును ప్లాస్టిక్ ఇటుకలతో కూర్చిన బొమ్మలే. మొదటి నాలుగు చిత్రముల కథలును ఇందులో కలవు. దీనికి అమెరికా వారు పదేండ్లని, యూరపు వారు ఏడేండ్లని వయస్సు నిర్ణయించిరి. ఒకే ఆటకు రెండు ఖండములవారు మూడేండ్ల తేడాతో తీర్పు చెప్పిరనగా, డబ్బాపై అంకెను చూచి మన తీర్పును వారికి వదలిపెట్టుట కుదరదని తెలియుచున్నది. అయినను అంగడిలో రెండు ఆటల పేరును దాదాపు ఒకటే కనుక ఆ అంకెను చూడక కొనరాదు. ఆ పిల్లవాడు అడిగినది లెగో ఆట. ఇకపై మేము చెప్పునది దానిని గూర్చియే.

చిత్రము వేరు, ఆట వేరు. మూడవ చిత్రము ఆరంభముననే కుంపిణీ అధికారి ఆజ్ఞచే జనులను వరుసగా ఉరితీయుదురు. వారిలో ఒక బాలుడును ఉండును. అది చూచి మా మనస్సే కలత చెందినది. ఎనిమిదేండ్ల వానికి ఆ చిత్రము చూపరాదని నిస్సంశయముగ చెప్పుదుము. ఆటలో చావు అట్టిది కాదు. కత్తి తగిలిన బొమ్మ ముక్కలై చెదరి, మరుక్షణమున లేచి నిలుచును. అంతవరకు కూడబెట్టిన నాణెములలో కొన్ని రాలిపోవును, అంతియే. నెత్తురు లేదు. పిల్లవాడు భయపడలేదు, పకపక నవ్వినాడు.

దొంగల కథలు వినినంతనే పిల్లలు దొంగలగుదురా? మన తరమువారు 1951లో వచ్చిన పాతాళభైరవిని ఎన్నిమారులు చూచిరో లెక్క లేదు. అందలి మాంత్రికుడు తోటరాముని బలియిచ్చుటకే కదా వెంట తీసికొనిపోయినది! చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలు చదువుటకై పత్రిక వచ్చు దినమున అన్నదమ్ములము పెనుగులాడితిమి. మకరదేవత, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, ఆ పేర్లలోనే భయము కలదు. వానివలన మాకు కలిగిన నష్టమేమియు లేదు, దీపము వెలుగున కన్నులు చెడినవని మా అమ్మ అనుట తప్ప.

మాకు నచ్చని సంగతి వేరొకటి కలదు. ఈ ఆటలో నాణెములు కావలెనన్న ఎదుట కనబడినదెల్ల పగులగొట్టవలెను. బల్లలు, పీపాలు, దీపస్తంభములు, దేనిని కొట్టినను అందుండి నాణెములు రాలును. మొదటి సాయంకాలమున ఆ పిల్లవాడు ఒక గదిలో దూరి సామానెల్ల ధ్వంసము చేయుచుండగా, వెనుక కూర్చున్న వాని అవ్వ, "ఆ ఇల్లు ఎవురిదిరా? పగలగొట్టేదానికి నీకేం హక్కు?" అని అడిగినది. వాడు చేయి ఆపి, "తెలీదు అవ్వా" అన్నాడు. ఆట దానికి సమాధానము చెప్పదు. అవ్వ ప్రశ్న తరువాత వాడు పగులగొట్టుట మానలేదు గాని, "ఇది ఎవరిదో" అని తమ్మునితో రెండు మూడుమారులు అనుట మేము వింటిమి. ఆ ఒక్క ప్రశ్నకే మేము నాలుగు సాయంకాలములు వెచ్చించుట సార్థకమైనదని తలచితిమి.

ఇక మన సంఘమునకు ముఖ్యమైన మాట. ఈ ఆటలోని బొమ్మలు మాటలాడవు. మూలుగుట, గొణుగుట, చేతులు త్రిప్పుట, ఇంతే. తెరపై అక్కడక్కడ ఆంగ్లమున సూచనలు కనబడును. వినుటకు ఏ భాషయు లేదు. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి కలిసి ఆడవచ్చును. ఒకరు కట్టనిదే మరొకరికి దారి దొరకని ఘట్టములు కలవు. కనుక పిల్లలు మాటలాడక తప్పదు. ఏ భాషలో?

మన పిల్లల దినచర్య మీరెరుగనిది కాదు. 2006లో ఈ రాష్ట్రమున చేసిన చట్టము ననుసరించి తమిళము ఒకటవ తరగతి నుండి క్రమముగ నిర్బంధమైనది. తమిళము నేర్చుట మనకు మేలే. ఈ నేల భాష అది. కాని బడిలో తమిళము, ఆంగ్లము, వీధిలో తమిళము, కన్నడము అయిన పిమ్మట తెలుగునకు మిగులునది ఇంటి సాయంకాలము ఒక్కటే. ఆ సాయంకాలమును తెర మ్రింగివేయునన్న భయము మాకు మొదట కలిగినది. అన్నదమ్ములిద్దరే ఆడినపుడు వినబడినవి "లెఫ్ట్, జంప్, సీక్రం" అను మూడు మాటలే. అవ్వ చెంత కూర్చున్న దినమున మాత్రము "ఆ నిచ్చెన ఎక్కు", "నువ్వు తాడు పట్టుకో, నేను దాటుతా" అని పూర్తి వాక్యములు వచ్చినవి. ఆమెకు తమిళము వచ్చును, ఆంగ్లము రాదు, అంతకు మించి, ఏమి జరుగుచున్నదో చెప్పనిదే ఆమె ఊరకుండదు!

చెప్పుటకు సరుకు పెద్దల యొద్ద లేకపోలేదు. నిజమైన ఓడదొంగలు మన సముద్రములకును వచ్చిరి. 1695లో హెన్రీ ఎవరీ అను ఆంగ్లేయుడు మక్కా యాత్రికులతో తిరిగివచ్చుచున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని దోచెను. 1698లో కెప్టెన్ కిడ్ మలబారు తీరమున ఒక వర్తకనౌకను పట్టెను. 1701లో లండనులో అతనిని ఉరితీసిరి. వారి చేతిలో పడినవారు బొమ్మలవలె తిరిగి లేవలేదని పిల్లలకు చెప్పవలెను. చిత్రములలో దొంగలకు శత్రువుగా నిలుచు ఈస్టిండియా వర్తక సంఘము కట్టుకథయే యైనను, దాని మాతృక అయిన కుంపిణీ మన కొండను ఎక్కజూచినదే. 1791 నవంబరులో కుంపిణీ సైన్యము కృష్ణగిరి దుర్గముపై దాడిచేసి, లోపల చొరలేక మరలిపోయెను. మరుసటి యేట శ్రీరంగపట్టణపు సంధివలన బారామహల్ సీమ వారి వశమైనది. కెప్టెన్ రీడ్, అతని క్రింద థామస్ మన్రో శిస్తు నిర్ణయమునకు వచ్చిరి. మూడవ సాయంకాలమున మేమీ కథ చెప్పగా, "అయితే మన కోటలో కూడా నిధి ఉందా తాతా?" అని చిన్నవాడు అడిగినాడు. ఆదివారము కొండ ఎక్కించెదమని మాట యిచ్చి చిక్కుకొంటిమి. మా మోకాళ్ల సంగతి మీకు తెలియును.

ఒక మాట నవ్వులకు చెప్పవలెను గాని, నవ్వి విడువదగినది కాదు. ఆ తల్లికి ఒక అంగడివాడు ఈ ఆటను మిగుల చౌకగా ఇచ్చెదననెను. విచారింపగా అది దొంగచాటున తీసిన ప్రతి. ఓడదొంగల ఆటను దొంగసొమ్ముగా కొని, దొంగతనము తప్పని పిల్లవానికి ఏ నోట చెప్పుదుము? అసలు ప్రతిని కొనుడని, లేనిచో మానుడని చెప్పితిమి.

కాలపరిమితి విషయమున, రెండు మొదలు నాలుగేండ్ల శిశువులు తెర ముందు కూర్చుండుట దినమునకు గంటకు మించరాదనియు, తగ్గినకొలది మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. ఆ యింట మూడేండ్ల పాప కూడ కలదు. అన్నల ఒడిలో కూర్చుండి చూచునది కూడ ఆ లెక్కలోనికే వచ్చునని మరువరాదు.

ఆ తల్లికి మేము చెప్పిన తీర్పు ఇది: 2011 నాటి లెగో ఆటను ఎనిమిదేండ్ల వానికి ఇవ్వవచ్చును, 2007 నాటి దానిని, చిత్రములను ఇప్పుడు వలదు, శని, ఆదివారములలో గంటసేపు, తమ్మునితో కలిసి, అవ్వ కుర్చీ తెర ప్రక్కనే వేయవలెను. అవ్వ ఒప్పుకొన్నది, సాయంకాలము ఏడు గంటలలోపు అయినచో మాత్రమే. ఆ పిమ్మట ఆమె ధారావాహిక ఆమెకు కలదట.