శ, ష, స వేరుపడిన రోజు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కాబట్టి ఒక మిషను గురించే చెబుతాను. దాంతోపాటు ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి.

మాది 1985 పదో తరగతి బ్యాచ్. మా తెలుగు అయ్యవారు గజేంద్ర మోక్షం పాఠం చెబుతుండగా బడి టేప్‌రికార్డరులో ఎక్కించిన క్యాసెట్టు ఒకటుండేది. కాపీ తీసుకొని ఇస్తానని అడిగి తెచ్చుకున్నాను. తిరిగి ఇవ్వలేదు.

రెండేళ్ల కిందట అది మదనపల్లెలో మా ఇంటి అటకమీద దొరికింది. ఏదో ఒక ప్లేయరులో పెడితే టేపు చుట్టుకుపోతుందని భయమేసింది. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో పనిచేయని పాత జపాను డెక్కు కొన్నాను. రికార్డింగుకు, వినడానికి వేరువేరు హెడ్లున్న మంచి రకం. తెరిస్తే రబ్బరు బెల్టులు కరిగి తారులా పుల్లీలకు అంటుకొని ఉన్నాయి. టేపును నడిపే పించ్ రోలరు గట్టిపడింది. కొన్ని కెపాసిటర్లు ఎండిపోయాయి. అన్నీ మార్చి, హెడ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగానికి తెచ్చేసరికి ఆరు నెలల ఆదివారాలు పట్టాయి.

టెస్ట్ టేపు అద్దంలా పలికింది. అయ్యవారి క్యాసెట్టు మాత్రం దుప్పటి కప్పినట్టు వినిపించింది. శ, ష, స తేడా తెలియకపోతే బెంచీ ఎక్కించిన మనిషి గొంతులో ఆ మూడూ ఒకటైపోయాయి!

కారణం ఇది. హెడ్డులోని సన్నని చీలిక టేపుకు సరిగ్గా నిలువుగా ఉండాలి. రికార్డు చేసిన మిషనులో అది కాస్త వంగి ఉంటే, వినిపించే మిషనులోనూ అంతే వంగాలి. లేకుంటే సన్నని ధ్వనులు పోతాయి. నకమిచి కంపెనీ 1982లో తెచ్చిన డ్రాగన్ డెక్కు ఆ వంపును తనంతట తానే సర్దుకొనేది. నాకు స్క్రూడ్రైవరే గతి. ముందున్న చోటు గుర్తు పెట్టుకొని, హెడ్డు పక్క స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ విన్నాను. ఒకచోట శ, ష, స మూడూ విడివిడిగా పలికాయి. నా చెయ్యి ఆగిపోయింది.

ఇక తప్పు సంగతి. ఎవరూ చెరపకుండా అయ్యవారు ఆ క్యాసెట్టు వెనక ప్లాస్టిక్ ముక్క విరిచి ఉంచారు. ఆ గుంతలో కాగితం కుక్కి, సినిమా పాటలు ఎక్కించినవాణ్ని నేనే. ముప్పై నిమిషాల పాఠంలో పద్దెనిమిది నిమిషాలు పోయాయి. ఏ డెక్కూ వాటిని తిరిగి తేలేదు. అయ్యవారూ లేరు, క్షమించమని అడగడానికి.

మీ ఇళ్లలో క్యాసెట్లుంటే ముందు ఆ ముక్క విరిచేయండి. ఆడించి చూడకుండా నాకివ్వండి. కంప్యూటరులోకి ఎక్కించి, క్యాసెట్టుతో సహా తిరిగి ఇస్తాను. ఈసారి తప్పకుండా ఇస్తాను.

మిగిలిన పన్నెండు నిమిషాలు ఇప్పుడు వినండి.