సూది గుచ్చుకున్న తర్వాత

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థులకు హృదయపూర్వక అభినందనలు.

శుభమా అని పట్టా పుచ్చుకుంటుంటే ఈ సూదిపోట్ల ప్రస్తావన ఏమిటని అనుకోకండి. ఎంత జాగ్రత్తపరులైనా, వాడిన సూది ఏదో ఒక డ్యూటీలో మీ వేలికీ గుచ్చుకోవచ్చు. రోగికి హెపటైటిస్ బి ఉండి, మీకు టీకా రక్షణ లేకపోతే ఆ వైరస్ సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెచ్ఐవీ అయితే సుమారు 0.3 శాతం.

సూది దిగిన చోట చర్మంలోని డెండ్రిటిక్ కణాలు వైరస్ ముక్కలను పట్టుకుని చంకలోని లింఫ్ గ్రంథులకు చేరవేస్తాయి. అక్కడ టీ కణాలు మేలుకుంటాయి. 1990లలో అమెరికాలో, హెచ్ఐవీ రక్తం ఉన్న సూదులు గుచ్చుకున్నా ఆ వైరస్ సోకని ఆరోగ్య సిబ్బందిని పరిశోధకులు పరీక్షించారు. వాళ్లలో ఆ వైరస్‌కు యాంటీబాడీలు లేవు. కానీ కొందరిలో ఆ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు కనిపించాయి! వాళ్లను కాపాడింది అవేనా, లేక అవి వైరస్ వచ్చిపోయిన ఆనవాళ్లు మాత్రమేనా అన్నది తేలలేదు. కాబట్టి వాటి మీద భారం వేసి కూర్చోకండి.

హెపటైటిస్ బి విషయంలో నమ్ముకోదగ్గది టీకా. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను 1997లో మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది. మూడు డోసులూ పూర్తయ్యాక ఒకటి రెండు నెలల్లో టైటర్, అంటే రక్తంలో యాంటీబాడీల స్థాయి, చూపించుకోండి. అది 10 mIU/mL దాటితే నిశ్చింత. ఏళ్లు గడిచి టైటర్ తగ్గినా, జ్ఞాపక కణాలు పని మరచిపోవు. హెపటైటిస్ సి, హెచ్ఐవీలకు టీకా లేదు. హెచ్ఐవీకి ముందుజాగ్రత్త మందులున్నాయి. వాటిని 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.

మందులున్నా కొందరు నోరు విప్పరు. ఇన్‌ఛార్జి తిడతారని, నలుగురికీ తెలిస్తే పెళ్లి సంబంధాలు చెడతాయని భయం. మీరు మాత్రం వేలిని పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, వెంటనే చెప్పండి, రిజిస్టరులో రాయించండి. రేపు మీరే ఇన్‌ఛార్జిలవుతారు. కంగారుగా వచ్చిన జూనియర్‌ను "అంత అజాగ్రత్త ఏమిటి?" అని గద్దించకండి. "కడుక్కున్నావా? ఎంతసేపైంది?" అని అడగండి. అలా అడిగే వార్డులో ఎవరూ ఏదీ దాచరు.