పెరుగు సంఘమునకు కట్టుబాటు



పదిమంది చదువరులున్న గ్రంథాలయమునకు నియమావళితో పనిలేదు. గ్రంథపాలకుడు ప్రతివారిని పేరుపెట్టి పిలువగలడు. పొరపాటును ఒక చూపుతో సరిదిద్దగలడు. చందాదారులు వందలకు పెరిగిన పిదప ఆ చూపు చాలదు. పత్రిక కొరకు పెనగులాట, పుస్తకముల అంచులలో రాతలు, పఠనమందిరమున పెద్దగొంతు వాదములు బయలుదేరును. గ్రంథాలయము వర్ధిల్లు జీవి అని ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో సూత్రీకరించిరి. వర్ధిల్లు దానికి చిక్కులును వర్ధిల్లును.

అట్టి వేళ కొందరు తలుపు మూయుమందురు. కొందరు ఎవరి ఇష్టము వారిదందురు. రెండును తగవు. అనంతగిరి కొండలలో చిన్న పాయగా పుట్టిన మూసీ 1908లో హైదరాబాదును ముంచెత్తి వేలాది ప్రాణములు బలిగొన్నది. అంతట ఏటిని పూడ్చలేదు. 1920లో ఉస్మాన్ సాగర్ నిర్మించి ఆ నీటినే నగరమునకు త్రాగునీరుగా మలచిరి.

మనుష్య సమూహమునకు ఇట్టి కట్ట ఎట్లు వేయవలెనో చూపు నిదర్శనము తెలుగువారి కడనే కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన వారిలో ఒకరగు కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిరి. 1923లో ఆయన మరణించుటచే అది అసంపూర్తిగా నిలిచినది. ఎనుబదేండ్లకు, 2003 డిసెంబరులో, అంతర్జాలమున తెలుగు వికీపీడియా అను విజ్ఞాన సర్వస్వము ఆరంభమైనది. అందెవరైనను వ్రాయవచ్చును, ఒకరు వ్రాసినది వేరొకరు దిద్దవచ్చును. నేడందు లక్షకు పైగా వ్యాసములున్నవి.

ఎవరైనను వ్రాయగల చోట తెలియనివాడును వ్రాయును, చెరుపుగోరువాడును వ్రాయును. అందుచే ప్రతి మార్పును అచ్చట నమోదగును. చెరిపిన పుటను వెంటనే పూర్వస్థితికి తేవచ్చును. ప్రతి వ్యాసమునకు ఒక చర్చాపుట కలదు. సభ్యులందరు కూడి మాటలాడుకొను తావునకు వారు పెట్టుకొన్న పేరు రచ్చబండ. నిర్వాహకులను సభ్యులే ఎన్నుకొందురు. మితిమీరిన వానిని వ్రాయకుండ నిరోధించు అధికారము నిర్వాహకులకు కలదు. కాని నిరోధించినదెవరో, ఏ కారణముననో చిట్టాకెక్కును. కొత్తవాని తప్పును మొదట సదుద్దేశముతోనే చూడవలెను. విమర్శ వ్రాతపైననే గాని వ్రాసినవానిపై కూడదు.

ఈ పద్ధతి పల్లె గ్రంథాలయమునకును వర్తించును. పెద్దగొంతు వానిని వారింపకున్న, చిన్నగొంతు వారు చెప్పకుండనే రాక మానుకొందురు. స్త్రీలు, బాలలు, కొత్తగా అక్షరములు నేర్చినవారు ముందుగా తొలగిపోవుదురు. అటులని ఒక్క తప్పునకే గడప దింపిన బాలుడు మరల పుస్తకము పట్టకపోవచ్చును. తాండూరు కందిచేనిలో కలుపు తీయు రైతు మొక్కను గుర్తెరుగక చేయి వేయడు.

కావున నియమములు కొద్దివిగా, అందరికి తెలియునట్లు గోడపై నుండవలెను. మొదట చాటున మంచిమాట, పిదప కారణము చెప్పి హెచ్చరిక, తుదకు కొన్ని దినముల నిషేధము. తిరిగి వచ్చు దినము కూడ ముందే తెలుపవలెను. చందాదారునకు వర్తించు నియమము కార్యవర్గ సభ్యునకును వర్తింపవలెను. పుస్తకము చింపిన ధనికుని కుమారుని విడిచి, కూలివాని కుమారుని దండించిన నాడు ఆ గోడపై వ్రాత చెరిగినట్లే.

కట్టుబాటు తలుపునకు తాళము కాదు, గడప. గడప యున్న ఇంటికే అతిథి నిర్భయముగా వచ్చును. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయపు గడప ఇంకను ఎందరో చదువరుల పాదములచే అరుగుగాక!