వన్యమృగ దర్శనం – సందర్శకుని బాధ్యత



సెలవు దినాన పిల్లలను వెంటబెట్టుకొని సఫారీకి వెళ్లే కుటుంబం, బస్సు కదలగానే డ్రైవరును కోరేది ఒక్కటే: “ఇంకొంచెం దగ్గరకు పోనీ అన్నా!” బెంగళూరు పొలిమేరలోని బన్నేరుఘట్టలోనైనా, కెన్యా దేశపు మసాయ్ మారా మృగ సంరక్షణ క్షేత్రంలోనైనా ఈ కోరిక మారదు. ఆ కొద్దిపాటి చేరువకు మృగం చెల్లించే మూల్యమెంత అన్నదే నేటి ప్రసంగ విషయం.

మసాయ్ మారా మైదానాలలో 2013 నుండి 2017 వరకు చీతాలను గూర్చి సేకరించిన వివరాలను ఫెమ్కే బ్రూక్‌హైస్ అనే శాస్త్రవేత్త 2018లో ప్రచురించారు. సందర్శకుల వాహనాలు విస్తారంగా తిరిగే తావులలో తల్లి చీతా ఒక్కొక్క ఈతలో సగటున 0.2 కూనలను మాత్రమే పెంచి పెద్దచేయగలిగింది. వాహనాలు తక్కువగా తిరిగే తావులలో ఆ సగటు 2.3. అనగా మొదటి చోట ఐదు ఈతలకు ఒక్క కూన దక్కగా, రెండవ చోట ప్రతి ఈతలోనూ రెండుకు పైగా దక్కాయి.

వాహనాల కింద పడి కూనలు మరణించాయని ఆ పరిశోధన చెప్పలేదు. హాని పరోక్షంగా జరుగుతున్నదని దాని అంచనా. చీతా ప్రధానంగా పగటివేళ వేటాడుతుంది. సందర్శకులు తిరిగేదీ ఆ వేళలోనే. పొంచి ఉన్న తల్లి చుట్టూ బండ్లు మూగితే జింకలు బెదరి పారిపోవచ్చు, వేట తప్పిపోవచ్చు. ఆనాటి తల్లి ఆకలి మరునాటికి కూనల ఆకలి అవుతుంది. సందర్శకుని ఛాయాచిత్రంలో మాత్రం చీతా ప్రశాంతంగానే కనబడుతుంది.

ఒక వేటమృగం చుట్టూ ఒకేసారి ఐదు వాహనాలకు మించి నిలువరాదన్న నియమం మారాలో ఉన్నది. అయినా, సందర్శకుల మెప్పు మీద, వారిచ్చే బహుమానం మీద రాబడి ఆధారపడిన డ్రైవరు, వెనుక సీటు నుండి వచ్చే ఒత్తిడిని కాదనలేడు. కనుక నియమం నిలవడం, తప్పడం చాలావరకు సందర్శకుని చేతిలోనే ఉన్నది.

దూరం పాటించడం వల్ల రోగభయమూ తగ్గుతుంది. మనుషుల వ్యాధి మృగాలకూ సోకుతుందని తెలుగువారికి దగ్గరి నిదర్శనమే ఉన్నది. 2021 మే నెలలో హైదరాబాదులోని నెహ్రూ జూలాజికల్ పార్కులో 8 ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్లు సీసీఎంబీ పరీక్షలలో తేలింది. ఉగాండాలోని బ్విండీ అడవిలో పర్వత గొరిల్లాల గుంపును చూడడానికి రోజుకు 8 మంది సందర్శకులనే, అదీ ఒక్క గంటసేపే అనుమతిస్తారు. దగ్గు, జలుబు ఉన్నవారిని గొరిల్లాల చెంతకు పోనివ్వరు.

ఇక్కడి సందర్శకుడు చేయదగినవి కష్టమైనవి కావు. కేకలు వేయరాదు, ఆహారం విసరరాదు. జ్వరం గాని జలుబు గాని ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవాలి. దూరంగా బస్సు ఆపిన డ్రైవరును నిందింపక మెచ్చుకోవాలి. ఇచ్చే బహుమానం అట్టివానికే ఇవ్వాలి. “ఇక్కడి నుండే చూద్దాం, చాలు అన్నా” అని తండ్రి అనగా విన్న పిల్లవాడు, రేపు తన పిల్లలకూ అదే నేర్పుతాడు.