ఫోను మన చేతిలో ఉంది, లెక్క కూడా మన చేతిలోనే ఉండాలి

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో 'సమాచార సాంకేతిక పరిజ్ఞానం - మహిళా సంఘాలు' అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న అంశం పేరు చాలా పెద్దది. సమాచార, ప్రసార సాంకేతిక పరిజ్ఞానం. పొట్టిగా ఐసీటీ అంటారు. పేరు విని కంగారు పడకండి, పని మనకు తెలిసిందే. ఒకచోట ఉన్న కబురును ఇంకోచోటికి చేర్చడం, చేరిన కబురును దాచుకోవడం, కావలసినప్పుడు తీసి చూసుకోవడం. మన తీర్మానాల పుస్తకం చేసే పని కూడా ఇదే. పుస్తకం బదులు యంత్రం వచ్చింది, అంతే తేడా. అయితే ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో కొంచెమైనా తెలియకపోతే మన లెక్క ఇంకొకరి చేతిలోకి పోతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్న మాట అదే.

కబురు నడిచిన దారి

ఒకప్పుడు ఊళ్ళో దండోరా వేసేవారు. దూరం కబురైతే ఉత్తరం. అర్జంటు అయితే టెలిగ్రాం. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. మన దేశంలో ఆ టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది. గల్ఫ్ దేశాలకు వెళ్ళినవాళ్ళు తమ మాటలను క్యాసెట్‌లో రికార్డు చేసి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఇప్పుడు అదే మనిషి వీడియో కాల్‌లో పిల్లాడి ముఖం చూస్తూ అన్నం తిన్నావా అని అడుగుతున్నాడు.

ఈ మార్పు మన కళ్ళ ముందే జరిగింది. మన దేశంలో మొదటి మొబైల్ ఫోన్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్ర మంత్రి సుఖ్‌రామ్ మాట్లాడుకున్నారు. అదే ఏడాది ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ సేవ మొదలైంది. అంటే ఇదంతా ముప్పై ఏళ్ళ ముచ్చట.

కబురుకు ఎంత బలం ఉంటుందో మన మహిళా సంఘాలకు ఎవరూ నేర్పక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్ళు రాత్రిపూట అక్షరాలు నేర్చుకునేవారు. ఆ వాచకంలో సారా వల్ల పాడైన ఒక సంసారం కథ ఉంది. చదివినవాళ్ళకు అది తమ కథే అనిపించింది. కలిసి వెళ్ళి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ కబురు ఊరి నుంచి ఊరికి పాకి రాష్ట్రమంతా ఉద్యమమైంది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అదే జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. ఒక పుస్తకంలో ఒక పాఠం అంత పని చేసింది. ఎందుకు చేసింది? తమకు సంబంధించిన మాటను వాళ్ళు తామే చదువుకున్నారు కాబట్టి. ఇంకొకరు చదివి చెబితే విని ఊరుకునేవారేమో.

ఫోను లోపల ఏం జరుగుతుంది

కంప్యూటరైనా ఫోనైనా దానికి తెలిసినవి రెండే గుర్తులు: సున్నా, ఒకటి. కరెంటు స్విచ్చి ఆపినట్టు, వేసినట్టు అనుకోండి. ఆ రెండింటితోనే అక్షరం, ఫోటో, పాట, మన ఖాతాలో నిల్వ అన్నీ రాసుకుంటుంది. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక సంఖ్య ఉంది. తెలుగు 'అ'కు 3077, 'ఆ'కు 3078. ఈ పద్ధతిని యూనికోడ్ అంటారు. అందుకే ఇక్కడ మనం తెలుగులో పంపిన మెసేజి దుబాయిలో ఉన్నవాళ్ళకు కూడా తెలుగులోనే కనబడుతుంది.

మనం మెసేజి పంపితే అది ఫోను నుంచి ఊళ్ళో టవర్‌కు, అక్కడి నుంచి ఎక్కువగా భూమిలో వేసిన సన్నని గాజు తీగల గుండా వెళ్తుంది. దేశం దాటాలంటే సముద్రం అడుగున వేసిన తీగల గుండా పోతుంది. చివరికి ఎక్కడో పెద్ద పెద్ద గదుల్లో రాత్రింబవళ్ళు పనిచేసే కంప్యూటర్లకు చేరుతుంది. వాటిని సర్వర్లు అంటారు. క్లౌడ్‌లో ఉంది అని పిల్లలు అంటుంటారు చూడండి, క్లౌడ్ అంటే మబ్బు. నిజానికి మబ్బులో ఏమీ లేదు. ఆ గదుల్లో ఉంది.

ఇది తెలిస్తే రెండు సంగతులు అర్థమవుతాయి. ఒకటి, ఫోను పోయినంత మాత్రాన బ్యాంకులో డబ్బు పోదు. లెక్క ఫోనులో లేదు, బ్యాంకు సర్వర్‌లో ఉంది. వెంటనే సిమ్ ఆపించి, బ్యాంకుకు చెబితే చాలు. రెండోది, మన ఫోనులో తుడిచేసిన ఫోటో లోకంలో లేకుండా పోయినట్టు కాదు. ఒకసారి పంపితే అది ఎన్నిచోట్ల ఉందో మన లెక్కకు అందదు.

వెబ్‌కు వచ్చిన మలుపులు

ఇంటర్నెట్, వెబ్ ఒకటే అనుకుంటాం. ఇంటర్నెట్ రోడ్డు లాంటిది. ఆ రోడ్డు మీద లారీ పోతుంది, బస్సు పోతుంది, ఎడ్లబండి పోతుంది. వెబ్ అలా నడిచే బళ్ళలో ఒకటి. రోడ్డు ముందు పడింది. 1969లో అమెరికాలో కొన్ని కంప్యూటర్లను కలపడంతో దానికి పునాది పడింది. వెబ్ తర్వాత వచ్చింది. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థలో పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ 1989లో దాన్ని ప్రతిపాదించారు. ఒక కాగితంలోని మాట మీద నొక్కితే ఇంకో కాగితం తెరుచుకోవాలి, అది ఏ దేశంలో ఉన్నా సరే. ఆయన ఆలోచన అంతే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ దీన్ని ఎవరైనా రుసుం లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. అందుకే అంత త్వరగా పాకింది.

మొదటి దశలో వెబ్ నోటీసు బోర్డు లాంటిది. ఎవరో రాస్తారు, మనం చదువుతాం. రెండో దశలో మనం కూడా రాయడం మొదలుపెట్టాం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని రాసిందీ దిద్దిందీ మామూలు తెలుగువాళ్ళే. 2005లో యూట్యూబ్, 2009లో వాట్సాప్ వచ్చాయి. పచ్చడి పెట్టేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, తమ పని వీడియో తీసి పెట్టుకుని గిరాకీ తెచ్చుకుంటున్నారు. మన సంఘాల సరుకుకు కూడా ఆ దారి ఉంది.

ఇప్పటి దశలో ఒక కొత్త సంగతి చేరింది. మనం వెబ్‌ను చదువుతున్నట్టే అది కూడా మనల్ని చదువుతోంది. కుట్టుమిషను ధర ఒకసారి వెతికితే రెండు రోజులు కుట్టుమిషను ప్రకటనలే కనబడతాయి. మనం ఏం చూశాం, ఎంతసేపు చూశాం, ఎక్కడ ఉన్నాం, అంతా రాసుకుంటున్నారు. దాన్ని బట్టి వస్తువు చూపిస్తారు, అప్పు చూపిస్తారు, వార్త కూడా చూపిస్తారు. దీనికి తోడు మనిషి గొంతును, ముఖాన్ని యంత్రం అచ్చంగా తయారుచేస్తోంది. కొడుకు గొంతుతో ఫోను వచ్చి "అమ్మా, ఆస్పత్రిలో ఉన్నా, డబ్బు పంపు" అంటే అది కొడుకే అని గ్యారంటీ లేదు. పెట్టేసి, కొడుకు నంబరుకు మనమే ఫోను చేసి కనుక్కోవాలి.

డబ్బు దగ్గర జాగ్రత్త

2016లో యూపీఐ వచ్చింది. కూరగాయల బండి దగ్గర కూడా ఇప్పుడు ఫోనుతో చెల్లిస్తున్నాం. మంచిదే. కానీ ఒక్క సూత్రం గుండెలో రాసుకోండి: యూపీఐ పిన్ కొడితే మన డబ్బు వెళ్తుంది, మనకు డబ్బు రాదు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, కోడ్ స్కాన్ చేయక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు. "మీకు డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి" అన్నాడంటే వాడు దొంగ. ఇక మాట్లాడేదేమీ లేదు.

పథకం పేరుతోనో, బ్యాంకు కేవైసీ పేరుతోనో వాట్సాప్‌లో ఏదైనా ఫైలు వస్తే తెరవకండి. యాప్‌ను బ్యాంకు వాట్సాప్‌లో పంపదు. పోలీసు బట్టల్లో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్టు" అని బెదిరిస్తే భయపడకండి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

ఇక అప్పు యాప్‌లు. ఒక లెక్క వేద్దాం. 5,000 రూపాయల అప్పు అంటాడు. ఫీజు కింద 1,500 ముందే కోసుకుని 3,500 చేతికిస్తాడు. వారంలో 5,000 కట్టమంటాడు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే మనం సంఘంలో గొడవ పడతామే, ఇది వారానికి నూటికి దాదాపు 43 రూపాయలు! పైగా ఫోనులోని నంబర్లు, ఫోటోలు లాక్కుని బంధువులందరికీ పంపి పరువు తీస్తారు. అప్పు ఇచ్చే యాప్‌లు అలా ఫోనులోకి చొరబడకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. అవసరం ఎవరికైనా వస్తుంది. అది ముందు సంఘంలో చెప్పండి. అంతర్గత అప్పు ఉంది, బ్యాంకు లింకేజీ ఉంది, స్త్రీనిధి ఉంది. సిగ్గుపడి దాచుకున్న అవసరమే ఆ యాప్‌కు దారి చూపిస్తుంది.

ఒకప్పుడు వేలిముద్ర అంటే చదువు రాదని గుర్తు. కష్టపడి సంతకం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆధార్ వచ్చాక చదువుకున్నవాళ్ళూ వేలే పెడుతున్నారు. ఆ వేలే మన సంతకం. కాబట్టి మిషను మీద వేలు పెట్టేముందు "ఎందుకు, ఎంత?" అని అడగండి. పెట్టాక చీటీ తీసుకోండి. "పడలేదు, మళ్ళీ పెట్టు" అంటే రెండోసారి పెట్టేముందు నిల్వ చూడమనండి. వాడనప్పుడు ఆధార్ వేలిముద్రను లాక్ చేసుకునే సౌకర్యం కూడా ఉంది. వివరాలకు 1947 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా మోసం జరిగితే ఏడుస్తూ కూర్చోవద్దు, ఇంట్లో తిడతారని దాచవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి. దొంగ ఆ డబ్బు తీసుకోకముందే కబురందితే దాన్ని ఆపించే అవకాశం ఉంటుంది. గంట గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది.

సంఘాల్లో ఏం చేద్దాం

మన పొదుపు, అప్పు లెక్కలు పుస్తకంలో నుంచి ఫోనులోకి, కంప్యూటర్‌లోకి వెళ్తున్నాయి. దానివల్ల మేలుంది. లెక్క త్వరగా తేలుతుంది, పేజీ చింపడం కుదరదు. కానీ తెరమీద కనబడిన అంకె తప్పు కాదు అనుకోకండి. ఎక్కించింది మనిషే. పుస్తకంలో ఉన్నది, పాస్‌బుక్కులో ఉన్నది, ఫోనులో ఉన్నది మూడూ ఒకటే అయితేనే లెక్క సరి.

చాలామంది ఫోను కొడుకు చేతికో, మనవరాలి చేతికో ఇచ్చి "చూడమ్మా, డబ్బు పడిందా" అంటారు. అడగడం తప్పు కాదు. పిన్ కూడా చెప్పేయడం ప్రమాదం. వాళ్ళు మోసం చేస్తారని కాదు. మన ఖాతాలో ఏం జరుగుతోందో మనకే తెలియకుండా పోతుంది.

అందుకని ఈ సభలో మీ ముందు నాలుగు పనులు పెడుతున్నాను. ఒకటి, ప్రతి సంఘం సమావేశంలో చివరి పది నిమిషాలు ఫోనుకు కేటాయించాలి. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజిని ఎవరిది వాళ్ళే పైకి చదవాలి: ఎంత పడింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది. పిన్ మాత్రం ఎవరూ పైకి చెప్పకూడదు. రెండు, 1930 నంబరు ప్రతి ఫోనులో ఎక్కించాలి, సంఘం గోడ మీద కూడా రాయాలి. మూడు, సంఘానికి ఒకరు బాగా నేర్చుకోవాలి, నేర్చుకున్నవాళ్ళు తమ పక్కన కూర్చున్నవాళ్ళకు నేర్పాలి. నాలుగు, మోసపోయినవాళ్ళను ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఎగతాళి చేస్తే రేపు ఇంకొకరు దాచిపెడతారు.

సంతకం నేర్చుకున్నప్పుడు కూడా "ఈ వయసులో మాకెందుకు" అన్నాం. మొదట చెయ్యి వణికింది, తర్వాత అలవాటైంది. ఇదీ అంతే. వచ్చే నెల సమావేశానికి ప్రతి ఒక్కరూ ఫోను చార్జింగ్ పెట్టుకుని, పాస్‌బుక్కు పట్టుకుని రండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.