గెలిచే వరుసను విడిచే వేళ

ఓడిపోతున్న వానికి సలహా చెప్పడానికి లోకంలో చాలామంది ఉంటారు. వరుసగా గెలుస్తున్న వానికి సలహా చెప్పవలసి వచ్చినప్పుడే చిక్కు. 2019వ సంవత్సరం శరత్కాలంలో నాకు అటువంటి చిక్కు ఒకటి ఎదురైనది. మా అక్కయ్యగారి అబ్బాయి అమెరికాలో, మాసచూసెట్స్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఏడు నేను సెలవు పెట్టి వారి ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం తెల్లవారీ తెల్లవారకముందే నన్ను లేపి, కారు వెనుక సైకిలు కట్టుకొని, ఒక విశాలమైన పార్కుకు తీసుకుపోయినాడు. "మామయ్యా, ఇవాళ నా పందెం చూద్దురుగాని" అన్నాడు.

ఆ పందెం పేరు సైక్లోక్రాస్. శ్రోతలలో చాలామందికి ఇది కొత్త మాట కావచ్చును. ఇది నున్నని రోడ్డుమీద సాగే సైకిలు పందెం కాదు. గడ్డినేల, బురద, ఇసుక, ఏటవాలు గట్లు అన్నీ కలిసివచ్చేటట్లుగా రెండున్నర నుండి మూడున్నర కిలోమీటర్ల చుట్టుదారి ఒకటి ఏర్పాటు చేస్తారు. దారికి అడ్డంగా చెక్క పలకలు నిలబెడతారు. వాటి ఎత్తు 40 సెంటీమీటర్లకు మించరాదు. అక్కడికి వచ్చేసరికి పోటీదారు వేగం తగ్గించకుండానే సైకిలు దిగి, దానిని చేత ఎత్తిపట్టి, పలకలు దాటి, మళ్ళీ ఎగిరి ఎక్కవలెను. గట్టు మరీ నిటారుగా ఉన్నచోట సైకిలును భుజాన వేసుకొని పరుగెత్తవలెను. ఇన్ని చుట్లు తిరగవలెనని ముందుగా చెప్పరు. ఇన్ని నిమిషాలు అని మాత్రమే చెబుతారు. మొదటి చుట్లకు పట్టిన కాలాన్నిబట్టి మొత్తం లెక్కగట్టి, చివరి చుట్టు మొదలయ్యేటప్పుడు గంట మోగిస్తారు.

ఇది ఫ్రాన్సు దేశంలో పుట్టిన క్రీడ. డానియెల్ గుస్సో అనే సైనికుడు 1902లో అక్కడ మొట్టమొదటి జాతీయ పోటీని నడిపించినాడని చెబుతారు. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఆక్టావ్ లపీజ్, చలికాలంలో తాను చేసిన ఈ సాధనే ఆ విజయానికి తోడ్పడినదని చెప్పుకున్నాడు. దానితో ఈ క్రీడకు పేరు వచ్చినది. 1950లో పారిస్ నగరంలో మొదటి ప్రపంచ పోటీ జరిగితే, ఫ్రెంచివాడే అయిన ఝాన్ రోబిక్ గెలిచినాడు. ఫ్రాన్సు దీనికి పుట్టినిల్లయితే, బెల్జియం మెట్టినిల్లు. అక్కడి ఎరిక్ డి వ్లామింక్ 1966 మొదలు 1973 వరకు ఏడుమార్లు ప్రపంచ విజేత అయినాడు. అమెరికాలో కూడా ఇది వేళ్ళూని, 2013లో ప్రపంచ పోటీలు కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో జరిగినవి. ఐరోపా వెలుపల అవి జరగడం అదే మొదలు.

అమెరికాలో మా మేనల్లుని వంటి ఔత్సాహికులు వేలమంది ఈ పందేలలో పాల్గొంటారు. వారంలో ఐదు రోజులు ఆఫీసులో కూర్చునేవారు, బడిపంతుళ్ళు, వడ్రంగులు, తల్లులు, తండ్రులు, అందరూ వీరిలో ఉన్నారు. వీరందరినీ ఒకే పందెంలో నిలబెడితే అందులో రసమూ ఉండదు, క్షేమమూ ఉండదు. అందుచేత అక్కడి జాతీయ సంఘంవారు తరగతులు ఏర్పరచినారు. ఐదవ తరగతి కొత్తవారిది. ఒకటవ తరగతి అందరికన్న పైది. వయసు మళ్ళినవారికి వయోవర్గాలనుబట్టి వేరే పందేలు కూడా ఉన్నవి. ఐదు నుండి నాలుగుకు పోవడానికి పెద్ద అడ్డంకి ఏమీ లేదు. అక్కడినుండి పైకి పోవలెనంటే పాయింట్లు కావలెను. ఎన్నవ స్థానం వచ్చినది, పందెంలో ఎందరు దిగినారు అన్నదానినిబట్టి పాయింట్లు లభిస్తవి. అవి చాలినన్ని అయిన తరువాత దరఖాస్తు పెట్టుకొని పై తరగతికి పోవచ్చును. మరీ ఎక్కువగా గెలుస్తూ కదలని వానిని సంఘమే పైకి పంపడం కూడా కద్దు. కాని ఈ రెండు గీతల నడుమ, అనగా పోవచ్చును అనే గీతకూ పోక తప్పదు అనే గీతకూ మధ్య, కొంత ఖాళీ చోటు ఉన్నది. అక్కడ నిర్ణయం పూర్తిగా మనిషిదే. ఈనాటి నా ప్రసంగం ఆ ఖాళీ చోటును గురించి.

ఆనాడు మావాడు నాలుగవ తరగతి పందెంలో దిగినాడు. మొదటి మలుపులోనే అందరికన్న ముందుకు వచ్చి, చివరిదాకా వెనుదిరిగి చూడకుండా గెలిచినాడు. ఆ సీజనులో అది అతనికి మూడవ గెలుపు. నేను తాడు పక్కన నిలబడి చప్పట్లు కొట్టుతూ ఉంటిని. నాకు కొద్ది దూరంలో నుండి ఎవరో "శాండ్‌బ్యాగర్!" అని కేక వేసినారు. నాలుగు పక్కలా నవ్వులు. సత్తా దాచుకొని, సులువుగా గెలవడానికై కింది వరుసలోనే తిష్ఠ వేసినవాడు అని ఆ మాటకు భావమట. అన్నవారు వేళాకోళంగానే అన్నారు. కాని మావాని ముఖం మాత్రం ఎర్రబడినది.

అదే సమయంలో మరొక దృశ్యం నా కంట పడినది. నలభై ఏళ్ళు దాటిన ఒకాయన ఒంటినిండా బురదతో నాలుగవ స్థానంలో గీత దాటినాడు. ఆయన కూతురు కాబోలు, ఏడెనిమిదేళ్ళ పిల్ల, పరుగున వచ్చి ఏదో అడిగినది. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపినాడు. బహుమతి పీఠంమీద ఉన్నవి మూడే మెట్లు.

తిరుగు ప్రయాణంలో మావాడు అడిగినాడు: "మామయ్యా, నాకు పాయింట్లు చాలినన్ని ఉన్నవి. మూడవ తరగతికి పొమ్మంటారా?" గెలుస్తున్నవాడవు, తొందరేమున్నది, ఈ ఏడు ఇక్కడే ఉండి ఇంకో రెండు పతకాలు తెచ్చుకో, అన్నాను. మేనమామ ప్రేమతో అన్న మాట అది. అది తప్పుడు సలహా అని నాకు ఆ రాత్రే తోచినది. "పైకి పోతే ఆఖరున ఉంటాను" అని అతడు మెల్లగా అన్న మాట నా చెవిలోనుండి పోలేదు. అతడు నన్ను సలహా అడగలేదు. తన భయానికి ఒక పెద్దమనిషి చేవ్రాలు అడిగినాడు. నేను ఆలోచించకుండా చేసి ఇచ్చినాను.

ఆ భయం ఉత్తుత్తిది కాదని కూడా చెప్పవలెను. పై తరగతిలో చాలా విషయాలు మారుతవి. మొదటిది కాలం. కొత్తవారి పందెం సుమారు 30 నిమిషాలు, నాలుగవ తరగతిది 40 నిమిషాల దరిదాపు. అందరికన్న పైవారిది 60 నిమిషాలు. 30 నిమిషాలు ఊపిరి బిగబట్టి తొక్కగలిగినవాడు 60 నిమిషాలు అలాగే తొక్కలేడు. శక్తిని పొదుపుగా ఖర్చు పెట్టడం నేర్చుకోవలెను. రెండవది బయలుదేరే చోటు. ఈ క్రీడలో మొదటి నిమిషం ప్రాణం వంటిది. వెడల్పైన దారి కొద్ది దూరంలోనే ఇరుకైపోవడంవల్ల, వెనుక వరుసలవారు మొదటి మలుపు దగ్గర సైకిలు దిగి నిలబడవలసి రావచ్చును. ఫలితాలు సంపాదించుకున్నవారికి ముందు వరుసలు. కొత్తగా వచ్చినవానికి వెనుక వరుస. కింద మొదటి వరుసకు అలవాటు పడ్డవానికి ఇది కష్టంగా తోచుతుంది. మూడవది నేల. కింది తరగతులవారు సాధారణంగా ఉదయం మంచు తడిమీద తొక్కుతారు. పైవారి వంతు వచ్చేసరికి వందల చక్రాలు తిరిగి, ఉదయపు గడ్డి మధ్యాహ్నానికి నాటు వేయబోయే మడిలా తయారౌతుంది. నాలుగవది చుట్టు దెబ్బ తినడం, అనగా ముందున్నవాడు ఒక చుట్టు అదనంగా తిరిగి వచ్చి వెనుకనుండి దాటిపోవడం. అంతర్జాతీయ పందేలలో దీనికి కఠినమైన నిబంధన ఉన్నది. నాయకుని మొదటి చుట్టుకు పట్టిన కాలంలో 80 శాతానికి మించి వెనుకబడినవారిని పందెంనుండి తప్పిస్తారు.

ఇన్ని కష్టాలు ఉన్నప్పుడు, పైకి పోవలసిన వేళ వచ్చినదని తెలుసుకోవడం ఎట్లా? ఆ తరువాత కొన్నాళ్ళు నేను మా మేనల్లునితో, అతని మిత్రులతో ముచ్చటించి తెలుసుకున్నది నాలుగు మాటలలో చెబుతాను.

పతకాన్ని చూడవద్దు, గడియారాన్ని చూడమన్నారు. అదే రోజు, అదే దారిమీద పై తరగతివారు ఒక్కొక్క చుట్టుకు ఎంత కాలం తీసుకున్నదీ ఫలితాల పట్టికలో దొరుకుతుంది. నేల మారినదన్న సంగతి మనసులో ఉంచుకొని, మీ చుట్ల కాలాన్ని పై తరగతి విజేతతో కాక, అందులో నడిమి వరుసవారితో పోల్చి చూచుకొనవలెను. వారికి దగ్గరగా ఉన్నట్లయితే మీ చోటు అక్కడే. మీ మొదటి చుట్టును మాత్రమే కాక, చివరి చుట్టును కూడా పోల్చవలెను. అలసిన తరువాత తొక్కినదే అసలు బలం.

ఒకే రకపు నేలమీద వచ్చిన గెలుపును నమ్మవద్దన్నారు. ఎండిన గడ్డిమీద దూసుకుపోయేవాడు ఇసుకలో కూరుకుపోవచ్చును. బురదలోనూ, ఇసుకలోనూ, గట్లమీదనూ వరుసగా మొదటి ఐదుగురిలో ఉన్నవాడు, ఒక్కచోట గెలిచి మరొకచోట ఇరవైయవ స్థానంలో ఉన్నవానికంటె సిద్ధంగా ఉన్నట్లు. అట్లే దిగడం, ఎక్కడం, భుజాన వేయడం ఆలోచించకుండా జరిగిపోవలెను. చుట్టూ నలుగురు ఒరుసుకుంటున్నప్పుడు కాలు తడబడేవాడు తనకే కాదు, పక్కవానికి కూడా ప్రమాదమే. అటువంటివాడు పాయింట్లు ఉన్నా మరికొన్ని వారాలు ఆగడం మంచిది. తొందరపడి పోయి, వారం వారం చుట్టు దెబ్బ తిని, విసుగు పుట్టి సైకిలును గోడకు చేరవేసినవారు కూడా ఉన్నారట. పైకి పోవడం ఎంత అవసరమో, ముందుగా పోకపోవడం అంత అవసరం.

ఇంటి సంగతి కూడా చూచుకొనవలెను. పై తరగతికి సాధన ఎక్కువ, ఖర్చు ఎక్కువ. బురద పట్టిన సైకిలును మార్చుకొనడానికి రెండవ సైకిలు ఉంటే మేలనిపిస్తుంది. పసిబిడ్డ పుట్టిన ఏడాదిలోనో, ఉద్యోగం మారిన నెలలలోనో ఆ భారం నెత్తిన వేసుకొనడం వివేకం కాదు.

ఇక ఋతువులో ఎప్పుడు మారవలెననే ప్రశ్న. అక్కడి సీజను సెప్టెంబరులో మొదలై డిసెంబరుదాకా సాగుతుంది. చాలామంది వచ్చే ఏడు చూద్దామంటారు. కాని నడుమనే మారినవానికి ఒక లాభం ఉన్నది. మిగిలిన నాలుగైదు పందేలను ఫలితంమీద ఆశ లేకుండా పాఠాలుగా తీసుకోవచ్చును. ఏది తక్కువైనదో తెలుసుకొని, వేసవి అంతా దానిమీద సాధన చేసుకోవచ్చును. మరుసటి సెప్టెంబరులో ఆ వెనుక వరుస అతనికి కొత్తది కాదు.

ఈ నాలుగింటికంటె ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. గెలిచి ఇంటికి వచ్చిన రోజున నేను కొత్తగా ఏమి నేర్చుకున్నాను? వరుసగా రెండు మూడు ఆదివారాలు దీనికి జవాబు దొరకకపోతే, ఆ వరుసలో మన పని అయిపోయినట్లే. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మన పెద్దలు ఊరక అనలేదు. ఆముదపు చెట్టుకు తన చోటు మార్చుకొనే శక్తి లేదు; మనిషికి ఉన్నది. ఆకాశవాణిలో పాడే కళాకారులకు బి, బి-హై, ఎ, టాప్ అని శ్రేణులు ఉన్నవి. పై శ్రేణికి పరీక్ష ఇమ్మంటే, ఇప్పుడున్నది బాగానే ఉన్నది కదా అని ఏళ్ళ తరబడి వాయిదా వేసే మంచి గాయకులను నేను ఎరుగుదును. వారి పాటకు అడ్డుపడినది పరీక్షాధికారులు కారు.

ఇందులో న్యాయం సంగతి కూడా ఉన్నది. కింది తరగతి నేర్చుకొనేవారికోసం ఏర్పడినది. అక్కడి మూడు మెట్లలో ఒకదానిని అవసరం తీరినవాడు అట్టిపెట్టుకుంటే, ఆ మెట్టు ఎవరికో లేకుండా పోతుంది. ఎవరికి లేకుండా పోతున్నదో నేను కళ్ళారా చూచినాను. బురదలో నిలబడి కూతురితో తల అడ్డంగా ఊపిన ఆ తండ్రికి.

మరునాడు ఉదయం కాఫీ తాగుతూ నా సలహాను నేనే వెనుకకు తీసుకున్నాను. "నిన్న నేను చెప్పినది నీ పతకాలను చూచి చెప్పినది. నిన్ను చూచి చెప్పలేదు" అన్నాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ వారంలోనే దరఖాస్తు పెట్టినాడు.

మూడవ తరగతిలో అతని మొదటి పందెం కూడా చూచి వచ్చినాను. వెనుక వరుసనుండి బయలుదేరి, మొదటి మలుపులో సైకిలు దిగి నిలబడి, నాయకుని చేత చుట్టు దెబ్బ తిని, ఆఖరునుండి మూడవవాడుగా గీత దాటినాడు. చేతిలో పతకం లేదు. కాని ఇంటికి చేరేదాకా దారిపొడుగునా మాటలే. ఇసుకలో ఎక్కడ తప్పు చేసినదీ, ముందున్నవాడు మలుపు ఎట్లా తీసుకున్నదీ, వచ్చే వారం టైర్లలో గాలి ఎంత తగ్గించవలెనో. గెలిచిన రోజున కారులో రేడియో పెట్టుకొని మౌనంగా వచ్చినవాడు, ఓడిన రోజున నన్ను నిద్రపోనివ్వలేదు.

తరువాతి సంవత్సరాలలో అతడు ఆ తరగతిలో నడిమి వరుసకు చేరినాడు. ఇంతవరకు అక్కడ ఒక్క పందెమూ గెలవలేదు. గెలిచినప్పుడు ఫోను చేస్తానన్నాడు. గెలవకపోయినా ప్రతి ఆదివారమూ చేస్తూనే ఉన్నాడు.