మనసు మొద్దుబారితే ఏం చేద్దాం?



పొదుపు, అప్పు, వసూళ్ల లెక్కలు ఇందాకే చదివారు. ఆ లెక్కల్లోకి రాని సంగతొకటి చెప్పాలని లేచాము. ఒక సభ్యురాలు సమావేశానికి వస్తుంది, పొదుపు కడుతుంది, సంతకం పెట్టి వెళ్లిపోతుంది. "ఎలాగున్నావమ్మా?" అంటే "బాగానే ఉన్నానక్కా" అంటుంది. గుచ్చి అడిగితే, "ఏటీ అనిపించట్లేదక్కా. ఏడుపూ రాదు, నవ్వూ రాదు" అంటుంది. ఇలాంటివాళ్లు తీరం ఊళ్లలో మాకు ఎక్కువగా కనబడ్డారు.

ఆగస్టు వస్తే మగవాళ్లు గుజరాత్ వెళ్లి వేరావళ్‌లో బోట్లెక్కుతారు. తిరిగి రావడం వేసవికే. అన్నాళ్లూ పిల్లలు, అత్తమామలు, అప్పు వాయిదా అన్నీ ఆమె మీదే. ఫోన్ మోగినప్పుడల్లా గుండె ఝల్లుమంటే ఎన్నాళ్లని తట్టుకుంటుంది? మనసు తనంతట తనే తలుపేసుకుంటుంది. ఆయన వచ్చినంత మాత్రాన అది వెంటనే తెరుచుకోదు. పక్కన కూర్చున్నా చుట్టంలాగే ఉంటాడు. అది ప్రేమ లేక కాదు, పొగరు అసలే కాదు.

2018 నవంబరులో మన రెండు జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు. అంటే పదమూడు నెలలకు పైనే! 'తండేల్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. సినిమాల్లో ఇద్దరూ కలుసుకోగానే శుభం కార్డు పడుతుంది. ఇంట్లో అయితే ఆ మర్నాటి నుంచే అసలు కష్టం. ఒకేసారి అన్నీ చక్కబడాలని తొందరపడొద్దు. కలిసి సంతకెళ్లడమో, వల బాగుచేసుకోవడమో, ఇద్దరూ చేసే పని ఒకటి పెట్టుకోండి.

అలాంటి మనిషితో "నీకేం తక్కువ?" అనకండి. పదిమంది ముందు అడగకండి. చేపలు ఎండబెట్టేటప్పుడో, జీడిపిక్కలు వలిచేటప్పుడో పక్కన కూర్చోండి. చేతిలో పనుంటే మాట సులువుగా వస్తుంది. ఆమె చెప్పింది పక్కింటికి పోకూడదు, తీర్మానం పుస్తకంలోకీ ఎక్కకూడదు.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోయినా, చచ్చిపోవాలని ఒక్కసారి అన్నా ఆలస్యం చేయొద్దు. దిష్టి తీయించుకుంటే తీయించుకోండి, మేము వద్దనం. ఆసుపత్రికి మాత్రం తీసుకెళ్లండి. టెలి మానస్ నంబరు 14416కి రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు పడదు.

వచ్చే నెల నుంచి పొదుపు వసూలయ్యాక పుస్తకాలు మూసేసి పావుగంట కూర్చుందాం. వరుసగా రెండు సమావేశాలకు రాని సభ్యురాలికి జరిమానా వేసేముందు ఇద్దరు ఆమె ఇంటికి వెళ్లి రావాలి. దీన్ని తీర్మానంగా పెడుతున్నాము. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.